తనిఖీ నివేదికలో "పనితీరు మెరుగుపడాలి" అని రాసిన ఒకేషనల్ కళాశాలలో పిల్లవాడిని చేర్చవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కావలి దగ్గర ఒక చిన్న ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సుకు మీ అబ్బాయి దరఖాస్తు పెట్టాడు. అక్కడ నిరుడు ఉత్తీర్ణత 57 శాతమేనని, తనిఖీకి వచ్చినవారు పనితీరు మెరుగుపడాలని రాసి వెళ్లారని తెలిసి మీరు వెనకాడుతున్నారు. నెల్లూరు జిల్లా తీరంలో అటువంటి కళాశాలలోనే నేను పదకొండేళ్లుగా ఇదే కోర్సు చెబుతున్నాను. ఆ ఒక్క అంకె చూసి మానుకోవద్దని నా మాట. అలాగని వెళ్లి చూడకుండా చేర్చమనీ అనను.

ముందు ఆ 57 సంగతి. చిన్న కళాశాలలో రెండో సంవత్సరం పరీక్ష రాసేవాళ్లు పద్నాలుగు మంది అనుకోండి. ఎనిమిది మంది గట్టెక్కితే 57 శాతం, ఇంకో ఇద్దరు గట్టెక్కితే 71. ఒక్కొక్క పిల్లవాడి బరువు ఏడు శాతం పైమాటే. మా దగ్గర ఒక ఏడాది ఆరుగురు తప్పారు. అందులో ఐదుగురు తప్పింది ఇంగ్లిషులో! మోటార్లు, వైరింగు పేపర్లలో అందరికీ మంచి మార్కులే వచ్చాయి. ఒకేషనల్ అంటే చేతిపని ఒక్కటే అనుకుంటారు గానీ ఇంగ్లిషు, జనరల్ ఫౌండేషన్ కోర్సు కూడా రాయాలి. ఆ ఏడాది మాకు ఇంగ్లిషు అధ్యాపకులే లేరు. అందుకని ఎంతమంది తప్పారో తెలిశాక, ఏ పేపరులో తప్పారో కూడా అడగండి. వృత్తి పేపర్లలోనే తప్పుతున్నారంటే మాత్రం నేనైనా మా పిల్లవాడిని చేర్చను.

ఇక తనిఖీ. నేను చేరిన కొత్తలో జిల్లా అధికారులు వస్తున్నారని కబురు అందగానే మేము చేసిన పని ఇప్పటికీ బాధపెడుతుంది. స్టాక్ రిజిస్టరులో ఉండి వర్క్‌షాపులో లేని పనిముట్లను బజారులో మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ దుకాణం నుంచి తెచ్చి బల్లల మీద పేర్చాం. అన్నీ ఉన్నాయని రాసుకుని వెళ్లారు. అన్నీ ఉన్న కళాశాలకు కొత్తవి ఎవరు మంజూరు చేస్తారు? రెండు బ్యాచ్‌ల పిల్లలు తీగలో పారే కరెంటును కొలిచే ఒకే ఒక్క టాంగ్ టెస్టరును వంతులవారీగా పట్టుకుని నేర్చుకున్నారు. ఆ పిల్లలకు మేము చేసింది అన్యాయం. ఆ తర్వాత ఎవరు తనిఖీకి వచ్చినా ఉన్నది ఉన్నట్టు చూపించాలని నిర్ణయించుకున్నాను.

మళ్లీ తనిఖీ జరిగిన రోజు బల్ల మీద ఒక హెచ్‌పీ మోటారు విప్పి ఉంది. రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్‌ను తిప్పే మోటారు. ఉప్పుగాలికి వైండింగ్ కాలిపోతే చెరువు యజమాని మా దగ్గరికి పంపాడు. (మా వైపు రాత్రిపూట ఏరియేటర్లు ఆగితే తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే మోటారు పని తెలిసిన మనిషికి ఇక్కడ ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.) అధికారి రిజిస్టర్లు చూడడం అయ్యాక వర్క్‌షాపులోకి వచ్చి "దీన్ని ఎవరు చుడుతున్నారు?" అని అడిగారు. రెండో సంవత్సరం అమ్మాయి ముందుకు వచ్చింది. వాళ్ల నాన్న చెరువుల దగ్గర కాపలా ఉంటాడు.

"కాయిలుకు ఎన్ని చుట్లు?" అన్నారాయన. పాత తీగ విప్పుతూ లెక్కపెట్టి నోటుపుస్తకం అట్ట లోపల రాసుకున్న అంకెను, పక్కనే తీగ గేజీని చూపించింది. ఆయన అక్కడితో వదలకుండా, ఇన్సులేషన్ బాగుందో లేదో చెప్పే మెగ్గర్ పెట్టి చూపించమన్నారు. ఒక వైరు వైండింగ్ కొసకు, రెండోది మోటారు బాడీకి తగిలించి పిడి తిప్పింది. ముల్లు సున్నా మీదే ఉండిపోయింది, అంటే ఎక్కడో ఇన్సులేషన్ దెబ్బతింది. నాకు ముచ్చెమటలు పట్టాయి. ఆ అమ్మాయి మాత్రం ఏమీ మాట్లాడకుండా కాయిళ్ల కలుపులు విప్పి ఒక్కొక్కటే పరీక్షిస్తూ పోయింది. చివరికి ఒక గాడి అంచున చిరిగిన ఇన్సులేషన్ కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ తీగ బాడీకి తగులుతోంది సార్. ఈ కాయిలు తీసి మళ్లీ చుట్టాలి" అంది. అధికారి ఆ ఇరవై నిమిషాలూ నిలబడే ఉన్నారు.

ఆయన నింపవలసిన కాగితంలో విద్యార్థుల సంఖ్య, హాజరు, ఉత్తీర్ణత, సామగ్రి ఉన్నాయి. మేము చూసినదాన్ని రాయడానికి అందులో చోటు లేదు. ఇంగ్లిషు పోస్టు ఖాళీ సంగతి, రొయ్యల పట్టుబడి రోజుల్లో పిల్లలు కూలికి వెళ్లి హాజరు పడిపోతున్న సంగతి కూడా రాయమని అడిగాను. రాశారు. కింద "పనితీరు మెరుగుపడాలి" అనీ రాశారు. ఊళ్లో పాకింది ఆ ఒక్క ముక్కే. అదే నివేదిక వల్ల పక్క మండలం నుంచి ఇంగ్లిషు అధ్యాపకురాలు వారానికి రెండు రోజులు రావడం మొదలుపెట్టారని మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. తర్వాతి ఏడాది పదమూడు మందిలో పదకొండు మంది పాసయ్యారు.

కాబట్టి ఆ నివేదికలో మిగతా వాక్యాలేమిటో ప్రిన్సిపాల్ గారిని అడగండి. ప్రాక్టికల్ ఉన్న పూట, ముందుగా చెప్పకుండా వెళ్లండి. పనిముట్ల పిడులకు చేతి మరకలు ఉన్నాయా, ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయా చూడండి. ప్రాక్టికల్ రికార్డులు నాలుగైదు తిరగేస్తే, అన్నిటిలో ఒకే రీడింగులు ఉంటే సంగతి మీకే అర్థమవుతుంది. కోర్సులో భాగంగా బయటి పనిశిక్షణ ఉంటుంది. దానికి పిల్లలు నిజంగా వెళుతున్నారా, సంతకాలు మాత్రమే తెచ్చుకుంటున్నారా అన్నది అధ్యాపకుల కంటే పిల్లలే బాగా చెబుతారు.

చదువు అయ్యాక దారి లేదన్న భయం వద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ఇంటర్ ఒకేషనల్ చదివినవారినీ అందులో చేర్చారు. ఏడాదిపాటు స్టైపెండుతో శిక్షణ ఉంటుంది, మన రాష్ట్రం తరఫున ఆ వ్యవహారం చెన్నై తరమణిలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. ఇంజినీరింగ్ వైపు వెళ్లాలనుకునేవారికి, అందుకు కావలసిన గణితం, సైన్సు నేర్పే బ్రిడ్జి కోర్సు ఉంది. నిరుటి బ్యాచ్‌లో ఎవరు ఎటు వెళ్లారో ఆ కళాశాలవాళ్లు పేరుపేరునా చెప్పగలగాలి. చిన్న బ్యాచే కదా, చెప్పలేకపోతే అనుమానించవలసిందే.

వెళ్లేటప్పుడు మీ అబ్బాయినీ తీసుకెళ్లండి. మోటారు విప్పి ఉన్న బల్ల దగ్గర ఎంతసేపు నిలబడతాడో చూడండి.