కోర్టు నుంచి పసుపు కవరు వచ్చింది, తప్పు రూమ్మేట్ మీదికి తోసేయొచ్చా?

ప్రశ్న: జర్మనీలోని ఆఖెన్‌లో ఎం.ఎస్. పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. 2022 నవంబరులో మా ఫ్లాట్ నుంచి ఎవరో టొరెంట్‌లో ఒక హాలీవుడ్ సినిమా దించారు. నెట్ కనెక్షన్ నా పేరు మీద ఉంది. 950 యూరోలు కట్టమని డిసెంబరులో సినిమా కంపెనీ లాయర్ల నోటీసు వస్తే భయపడి పక్కన పెట్టేశాను. మూడేళ్లయ్యాక ఇప్పుడు కోర్టు నుంచి పసుపు కవరు వచ్చింది. వచ్చి తొమ్మిది రోజులైంది. ఆ రాత్రి నేను గోడౌన్‌లో నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను. నాన్న పొలం తాకట్టు పెట్టి చదివించారు, ఇంట్లో చెప్పలేక నిద్ర పట్టడం లేదు. వీసా పోతుందా? ఇండియా వెళ్లిపోయిన రూమ్మేట్ చేశాడని రాసేయమని ఒకరు, మూడేళ్లు దాటింది కాబట్టి కేసు చెల్లదని ఇంకొకరు అంటున్నారు.

జవాబు: తొమ్మిది రోజులు ఏం చేస్తున్నట్టు? కవరు మీద పోస్ట్‌మ్యాన్ చేత్తో వేసిన తేదీ నుంచి మీకున్న గడువే రెండు వారాలు. లోపల అభ్యంతరం ఫారం ఉంటుంది. మొత్తం సొమ్ముకీ అభ్యంతరమని టిక్ పెట్టి, సంతకం చేసి, ఈరోజే ఆ కోర్టుకు పంపండి. కారణాలు రాయనక్కర్లేదు. కవరులో వచ్చింది డబ్బు కట్టమనే కోర్టు నోటీసే, తీర్పు కాదు, కంపెనీ అడిగింది న్యాయమా కాదా అని కోర్టు ఇంకా చూడనే లేదు. కానీ మీరు నోరు మెదపకపోతే అదే అమలు ఉత్తర్వుగా మారి మీ బ్యాంకు ఖాతా జప్తు దాకా వెళ్తుంది.

పొలం తాకట్టు సంగతి కోర్టుకు పట్టదు. నైట్ షిఫ్ట్ కూడా మీరనుకున్నంత బలమైన సాక్ష్యం కాదు, ఎందుకంటే గదిలో వదిలేసిన లాప్‌టాప్ మీరు లేకపోయినా టొరెంట్ నడుపుతుంది. దించుకుంటూనే ముక్కలు పదిమందికీ పంచుతుంది, దావా ఆ పంచడం మీదే. కేసును తేల్చేది ఒక్కటే: నోటీసులో ఐపీ అడ్రస్ పక్కన సెకన్లతో సహా ఉన్న ఆ సమయానికి మీ వైఫైని సొంతంగా వాడుకోగలిగినవాళ్లు ఇంకెవరున్నారు? అది వివరంగా చెప్పకపోతే కనెక్షన్ ఎవరిదో వాళ్లే చేశారని కోర్టు అనుకుంటుంది. ‘ఎవరో వాడి ఉంటారు’ అంటే కుదరదు. పేర్లు, ఎవరెవరికి ఏ లాప్‌టాప్ ఉండేది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, అన్నీ కావాలి. అద్దె ఒప్పందం, రూమ్మేట్ల ఆన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) కాగితాలు, నెట్ బిల్లు పంచుకున్న వాట్సాప్ మెసేజ్‌లు, ఆ నెల షిఫ్ట్ షీట్ వెతికి తీయండి. నోటీసు వచ్చినప్పుడే అందర్నీ అడిగి రాసిపెట్టుకుని ఉంటే ఇప్పుడీ తిప్పలు ఉండేవి కావు.

అది చూపగలిగితే మీకు దారి ఉంది. బంధువుల అమ్మాయి ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇంట్లో నెట్ మీద సినిమా పంచిన కేసులో, పెద్దవాళ్లయిన అతిథుల్నీ ఫ్లాట్‌మేట్లనీ ముందుగా హెచ్చరించలేదన్నంత మాత్రాన కనెక్షన్ యజమాని బాధ్యుడు కాడని 2016 మే 12న కార్ల్స్‌రూహేలోని ఫెడరల్ కోర్టు (సివిల్ కేసుల్లో జర్మనీ అత్యున్నత కోర్టు) చెప్పింది.

మూడేళ్ల లెక్క తప్పు. ఆ మూడేళ్లు సినిమా పంచిన రోజు నుంచి కాదు, కంపెనీకి మీ పేరు తెలిసిన సంవత్సరం డిసెంబరు 31 నుంచి మొదలవుతాయి. మీ విషయంలో అది 2025 చివరిదాకా ఉంటుంది. ఈలోపు కోర్టులో దరఖాస్తు పడితే గడువు ఆగిపోతుంది. ఏడాది చివర్లో ఇలాంటి కవర్లు వచ్చేది అందుకే. పైగా ఆ మూడేళ్లు నోటీసు పంపిన కంపెనీ లాయరు ఖర్చుకే. సినిమా తాలూకు నష్టపరిహారం పదేళ్లదాకా అడగొచ్చని కూడా ఆ కార్ల్స్‌రూహే కోర్టే 2016లోనే తేల్చింది.

రూమ్మేట్ చేశాడని మీకు నిజంగా తెలిస్తే చెప్పాల్సిందే, దాచితే భారం మీ మీద పడుతుంది. తెలియకపోతే మాత్రం ఆ పేరు దోషిగా రాయకండి. కోర్టుకు తెలిసి అబద్ధం చెప్పడం మోసానికి ప్రయత్నం కింద క్రిమినల్ కేసవుతుంది. 950 యూరోల సివిల్ దావాతో వీసా పోదు, ఆ అబద్ధంతో పోవచ్చు. అతను ఫ్లాట్‌లో ఉండేవాడు, పాస్‌వర్డ్ తెలుసు, అడిగితే ఇలా అన్నాడు, అంతవరకే రాయండి.

అభ్యంతరం పంపాక అక్కడి లాయర్ని కలవండి. ఆదాయం తక్కువని చూపితే ఆమ్ట్స్‌గెరిష్ట్ (స్థానిక కోర్టు) లాయరు సలహా కోసం సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, ఇస్తే లాయరుకు మీరిచ్చేది 15 యూరోలే. ఇంకొకటి, 2022 నోటీసుతో వచ్చిన, ఇకపై ఇలా చేయనని రాసిచ్చే హామీ పత్రం మీద సంతకం చేసి పంపారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. పంపి ఉంటే ఆ కాపీ లాయరుకు ముందు చూపించండి. పంపకపోతే వాళ్లు రాసిచ్చినది రాసిచ్చినట్టు సంతకం చేయకండి, అందులో మాటలు లాయరు మార్చాకే చేయాలి.