లెక్క మీ వాడిదే, పేక మాత్రం కాసినోది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నాలుగు చెరువుల్లో వనామీ రొయ్య సాగు చేస్తున్నాను. మా అబ్బాయి నెల్లూరులో గణితం, స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ పూర్తిచేశాడు. ఆరు నెలలుగా గది తలుపు వేసుకుని పేక ముక్కలు లెక్కపెడుతున్నాడు. బ్లాక్‌జాక్‌లో ముక్కల లెక్క తెలిసినవాడికి ఓటమి ఉండదట, ఆ ఆట ఆడే గోవా కాసినోలకు వెళ్లడానికి మూడు లక్షలు కావాలట. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, డేటా సైన్స్, యాక్చువరీ, ఈ మూడింటిలో దేనికి పంపాలో పోల్చి చెప్పండి. ఇంట్లో పేకాటరాయుడు తయారయ్యాడని బంధువులకు తెలిస్తే మా పరువు ఏం కావాలి?

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఒక ఏడు క్రికెట్ పందేలని వస్తుంది, ఇంకో ఏడు ఆప్షన్ల ట్రేడింగ్ అని వస్తుంది, ఈసారి బ్లాక్‌జాక్ అని వచ్చింది. అడిగేది కోర్సుల గురించి. చివరి వాక్యంలో మాత్రం ఎప్పుడూ బంధువులే ఉంటారు. కాబట్టి ముందు ఆ భయం సంగతి చూద్దాం. జూదం పట్టినవాడు ఆరు నెలలు డబ్బు లేకుండా సాధన చేయడు, చేతిలో వెయ్యి పడగానే ఆటలో కూర్చుంటాడు. మీ వాడు ఇంకా ఒక్క రూపాయి పెట్టలేదు, పైగా మిమ్మల్ని అడిగి వెళ్దామనుకున్నాడు. ఊపిరి పీల్చుకోండి.

వాడు చెప్పే లెక్క బూటకం కూడా కాదు. 2 నుంచి 6 వరకు ముక్క పడితే ఒకటి కలుపుతారు. 7, 8, 9 పడితే ఏమీ లేదు. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేస్తారు. వచ్చిన మొత్తాన్ని ఇంకా పంచని పేకల (52 ముక్కల కట్టల) సంఖ్యతో భాగిస్తారు. అది పెరిగిందంటే మిగిలిన ముక్కల్లో పదులు, ఆసులు ఎక్కువ, అప్పుడు పందెం పెంచుతారు. అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్ ఐబీఎం కంప్యూటర్ మీద ఇలాంటి లెక్కలు తేల్చి 1962లో పుస్తకంగా అచ్చువేశారు. మామూలుగా కాసినోకు ఉండే అర శాతం పైచేయి, బాగా లెక్కపెట్టేవాడి వైపు సుమారు ఒక శాతం మొగ్గుతుంది.

ఆ ఒక శాతాన్నే మీ వాడి ముందు పెట్టండి. ఆటకు వెయ్యి రూపాయల పందెం చొప్పున పదివేల ఆటలు ఆడితే సగటున మిగిలేది లక్ష. అటూ ఇటూ ఊగిసలాట లక్షకు పైనే. అంటే తప్పు లేకుండా లెక్కపెట్టినా, అయిదుగురిలో దాదాపు ఒకరు అప్పటికీ నష్టంలోనే ఉంటారు. పందెం పెంచుతూ తగ్గిస్తూ ఆడితే ఊగిసలాట ఇంకా పెద్దది. పదివేల ఆటలంటే రోజుకు ఆరు గంటల చొప్పున మూడు వారాలకు పైగా కూర్చోవాలి. ఆ మూడు లక్షలు అంతకాలం నిలుస్తాయో లేదో వాడినే లెక్కకట్టమనండి. స్టాటిస్టిక్స్ చదివినవాడు, చేయగలడు.

అన్ని రోజులు కూర్చోనిస్తారా అన్నది వేరే సంగతి. థార్ప్ పుస్తకం వచ్చిన రెండేళ్లకు లాస్ వేగస్ కాసినోలు బెదిరి నిబంధనలు బిగించాయి. ఆడేవాళ్లు తగ్గేసరికి కొన్ని వారాల్లోనే మళ్లీ సడలించాయి. తర్వాత వాళ్లకు అసలు సంగతి అర్థమైంది: లెక్క వచ్చినవాళ్లకంటే వచ్చిందనుకునేవాళ్లే ఎక్కువ, వాళ్లు మంచి ఖాతాదారులు. నిజంగా వచ్చినవాళ్ల కోసం ఒక పేక చోట ఆరో ఎనిమిదో పేకలు కలిపారు, సగంలోనే మళ్లీ కలపడం మొదలుపెట్టారు, పడిన ముక్కల్ని వెంటనే లోపలికి లాక్కుని కలిపే యంత్రాలు తెచ్చారు. ఆ యంత్రం ముందు మీ వాడి ఆరు నెలల సాధన ఎందుకూ పనికిరాదు. బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క) పడితే రెండుకు మూడు ఇచ్చేచోట అయిదుకు ఆరే ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ ఒక్క మార్పుతోనే ఒక శాతానికి పైగా కాసినో వైపు వెళ్లిపోతుంది. ఇవేవీ పారకపోతే మర్యాదగా లేపి పంపిస్తారు. మనసులో లెక్కపెట్టుకోవడం నెవాడాలో నేరం కాదు, అయినా పంపించే హక్కు వాళ్లకుంది. న్యూజెర్సీలో కెన్ యూస్టన్ అనే ఆటగాడు కోర్టుకు వెళ్లి, లెక్కపెడుతున్నాడని బయటకు పంపకూడదని 1982లో తీర్పు తెచ్చుకున్నాడు. గెలిచాడు, సరే. అక్కడి కాసినోలు ముక్కలు ఇంకా తరచుగా కలపడం మొదలుపెట్టాయి.

మీకు ఇది తెలియనిది కాదు. కిలోకు 40 రొయ్యలు తూగితే ఒక ధర, 100 తూగితే ఒక ధర. ఆ కౌంట్ కట్టేది కొనేవాడు, ధర చెప్పేదీ కొనేవాడే. మీకు పంట బాగా వచ్చిన ఏడాది ఏం జరిగిందో మీ వాడికి మీరే చెప్పవచ్చు.

మన దేశంలో ఇంకో దెబ్బ ఉంది. కాసినోలో చిప్స్ (పందెం బిళ్లలు) కొన్న సొమ్ముపై జీఎస్టీ 2023 అక్టోబరులో 28 శాతమైంది, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. గెలిచిన సొమ్ముపై 30 శాతం ఆదాయపు పన్ను, ఓడిన సొమ్మును అందులో తీసివేసుకోనివ్వరు. ఒక శాతం పైచేయితో బతికేవాడికి ఇందులో ఏం మిగులుతుంది? ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆడతానంటాడేమో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టమే నిషేధించింది. ఈ విద్యను వీడియోల్లో నేర్పేవాళ్లను గమనించండి. అంత లాభముంటే బల్ల దగ్గర ఉండాలి కదా, కెమెరా ముందు ఎందుకున్నారు? థార్ప్ కూడా చివరికి కాసినోలు వదిలి, అదే గణితంతో స్టాక్ మార్కెట్‌కు వెళ్లిపోయారు. అలాగని మీ వాడిని ట్రేడింగ్ వైపు నెట్టకండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది.

ఇక మీకు కోపం వచ్చే మాట. నాలుగు చెరువుల్లో అప్పు తెచ్చి పిల్ల వదులుతారు. తెల్లమచ్చ తెగులు వస్తే పదిరోజుల్లో చెరువు ఖాళీ. బీమా చేశారా, గత పంటల్లో ఎన్ని పోయాయో రాసిపెట్టారా? మీ వాడు కనీసం లెక్కపెట్టి పందెం కాద్దామనుకుంటున్నాడు. వాడిని పేకాటరాయుడు అనే ముందు కొంచెం ఆలోచించండి. ఆ మాట ఇంట్లో ఇప్పటికే అనేసి ఉంటే వెనక్కి తీసుకోండి.

పోలిక అడిగారు కనుక చెబుతాను, ఎక్కువ లేదు. నాలుగు నెలల డేటా సైన్స్ కోర్సు మీద నాకు నమ్మకం తక్కువ. పనిముట్లు నేర్పుతారు, ఎప్పుడు ఏది వాడకూడదో నేర్పరు. మీ వాడికి పునాది ఉంది, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేస్తే అది గట్టిపడుతుంది. దగ్గరగా తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. యాక్చువరీ అంటే బీమా సంస్థలో కూర్చుని, ఎందరికి ఎంత నష్టం వస్తుందో అంచనా వేసి ప్రీమియం కట్టేవాడు. ఒక రకంగా కాసినో కుర్చీలో కూర్చోవడమే. ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి పరీక్షలు రాయాలి, మధ్యలో వదిలేసేవాళ్లను చూశాను. గది తలుపు వేసుకుని ఆరు నెలలు ముక్కలు లెక్కపెట్టినవాడికి ఆ ఓపిక ఉందనిపిస్తోంది, అయితే వాడిని చూడకుండా ఖాయంగా చెప్పలేను.

మూడు లక్షలు ఇవ్వకండి. మీ చెరువుల పాత పుస్తకాలన్నీ వాడి చేతికివ్వండి: మేత, పిల్ల ఖర్చు, పట్టుబడి నాటి కౌంట్, పోయిన పంటలు. ఏ నెలలో పిల్ల వదిలితే ఎంత నష్టభయమో తేల్చమనండి. ఆ కాగితాలు, వాడి పేక రెండూ తీసుకుని వచ్చే ఆదివారం నా దగ్గరికి రమ్మనండి. మీరు రానక్కరలేదు.