విమానాల పిచ్చి ఉన్న అబ్బాయి ప్రశ్నలు వేస్తున్నాడు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అబ్బాయి ఫస్ట్ పీయూసీ (ఇంటర్ మొదటి ఏడాది). చిన్నప్పటి నుంచీ ఫైటర్ విమానాలంటే పిచ్చి, ఏరోస్పేసే చదువుతాననేవాడు. ఈ మధ్య కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ శనివారాలు ఆయుధాల టెక్నాలజీ, సమాజం మీద దాని ప్రభావం గురించి క్లాసులు చెబుతున్నారు. అప్పటి నుంచి ‘ఆ బాంబు ఎవరి మీద పడుతుంది నాన్నా’ అని వాదిస్తున్నాడు. స్ట్రాటజిక్ స్టడీస్ (దేశ రక్షణ, యుద్ధ వ్యూహాల చదువు) చదువుతానంటాడేమోనని టెన్షన్. క్లాసు మాన్పించాలా? ఏరోస్పేస్, డ్రోన్ టెక్నాలజీ, స్ట్రాటజిక్ స్టడీస్‌లో ఏది మేలు?

జవాబు: మాన్పించకండి. మీరు మూడు కోర్సుల పేర్లు రాశారు కానీ, అసలు భయం పిల్లాడు ఆలోచించడం మొదలుపెడితే ఇంజినీరింగ్ చేజారుతుందని. ఈ ఊళ్లో ఇది నాకు కొత్త ప్రశ్న కాదు. హెచ్‌ఏఎల్, డీఆర్‌డీఓ ల్యాబులు, ఇస్రో చుట్టుపక్కల పెరిగే పిల్లలకు విమానాల మీద కన్ను పడకుండా ఉంటుందా? యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగితే భుజాన ఎక్కించుకుని చూపించేది మనమే. ఆ విమానం చేసే పనేమిటని వాడు అడిగితే మాత్రం లెక్చరర్ చెడగొట్టారంటాం. ఇదేం న్యాయమండీ?

మీ అబ్బాయి కెమిస్ట్రీలో అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతి ఎలాగూ చదువుతాడు. పీడనం, ఉష్ణోగ్రత, ఇనుము ఉత్ప్రేరకం బట్టీ పడితే మార్కులొస్తాయి. మన పొలాలకు యూరియా వచ్చింది ఆ అమ్మోనియా వల్లే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పేలుడు పదార్థాల తయారీకి ఆధారమైందీ అదే. ఆ పద్ధతి కనిపెట్టిన ఫ్రిట్జ్ హేబర్ 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ వాయువు దాడిని దగ్గరుండి నడిపించాడు. 1918 నోబెల్ బహుమతి అమ్మోనియాకు ఆయనకే దక్కింది. ఇదంతా తెలిసినందుకు కెమిస్ట్రీ మానేసిన పిల్లాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇంకాస్త ఇష్టంగా చదివినవాళ్లను చూశాను.

రెండో వైపూ ఉంది, అదీ మన ఊళ్లోనే. తేజస్ యుద్ధ విమాన పైలట్లకు గాల్లోనే ఆక్సిజన్ తయారుచేసి ఇచ్చే పరిజ్ఞానం మీద ఇక్కడి డీఆర్‌డీఓ ల్యాబు డెబెల్ పనిచేసింది. 2021లో కోవిడ్ సెకండ్ వేవ్‌లో ఆసుపత్రుల ఆక్సిజన్ ప్లాంట్లకు అదే అక్కరకొచ్చింది. లెక్చరర్ ఇలా రెండు వైపులూ చెబుతున్నారో లేదో వెళ్లి కనుక్కోండి. ఒకవైపే ఊదరగొడుతుంటే అప్పుడు అభ్యంతరం చెప్పండి. అదీ క్లాసులో ఒకసారి కూర్చుని విన్నాకే.

ఇక కోర్సులు. సీఈటీ, కామెడ్‌కే ప్రవేశ పరీక్షల సంగతులు మీకు తెలిసినవే, వదిలేస్తాను. నా అనుమానమంతా డ్రోన్ల మీద. ఇప్పుడు ప్రతి కాలేజీ బ్రోషర్‌లోనూ ఒక డ్రోన్ బొమ్మ. పద్దెనిమిదేళ్లు నిండి పది పాసైతే, గుర్తింపు ఉన్న సంస్థలో కొద్ది రోజుల శిక్షణతో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. పొలంలో మందు కొట్టడానికి, సర్వేలకు అది పనికొస్తుంది. అది డ్రోన్ నడపడం. తయారుచేయడం వేరే చదువు. తయారుచేసేవాళ్లకు కావలసింది ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్, కోడింగ్, మెకానికల్. పేరులో ‘డ్రోన్’ ఉందని లక్షలు పోసి బీటెక్ సీటు కొనకండి. ల్యాబు ఉందా, పాఠం చెప్పేవాళ్లకు ఆ పని వచ్చా అని చూడండి. మంచి కాలేజీలో ఈసీఈయో మెకానికలో దొరికితే నేనైతే అటే మొగ్గుతాను. డీఆర్‌డీఓ కూడా గేట్ స్కోరుతో ఆ బ్రాంచీలవాళ్లను తీసుకుంటుంది. ఏరోస్పేస్ కూడా మంచి కాలేజీలో వస్తేనే.

స్ట్రాటజిక్ స్టడీస్‌లో ఉద్యోగాలు తక్కువే, దాచను. కానీ దాన్ని ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. డిగ్రీ అయ్యాక ఎంఏలో చేరవచ్చు. చెన్నైలో మద్రాసు యూనివర్సిటీకి దీనికంటూ ప్రత్యేక విభాగమే ఉంది. లెక్చరర్ ఉద్యోగాలకు రాసే యూజీసీ నెట్ పరీక్షలోనూ ఇదొక సబ్జెక్టు. ఐఐఎస్‌సీ ఆవరణలోని నియాస్ అనే పరిశోధన సంస్థలో రక్షణ విషయాలు పరిశోధించేవాళ్లలో ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు ఉన్నారు. బీటెక్ చేసినా ఆ తలుపు మూసుకుపోదు.

కాబట్టి రెండేళ్లూ సైన్సే చదవనివ్వండి, శనివారం క్లాసుకూ వెళ్లనివ్వండి. సీట్ల కౌన్సెలింగ్ ముందు మళ్లీ రాయండి. ఈసారి మీరు కాదు, అబ్బాయినే రాయమనండి.