ఆస్టర్ దుబ్బు నడుమ ఎండిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: రెండేళ్ల కిందట ఇంటి ముందు ఎర్ర చల్క నేలలో ఊదా రంగు పూలు పూసే బహువార్షిక ఆస్టర్ నాటాను. మొదటి ఏడాది బతుకమ్మ పండుగ నాటికి విరగబూసింది. ఇప్పుడు దుబ్బు నడుమ ఎండిపోయి, చుట్టూ సన్నని పిలకలే మిగిలాయి. కింది ఆకులపై తెల్లని పొడి కూడా కనిపిస్తోంది. మొక్కను తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, నకిరేకల్, నల్లగొండ జిల్లా

జవాబు: దయచేసి తీసేయకండి. బజారులో పూల కోసం అమ్మే చైనా ఆస్టర్ ఒక్క పంటతో ముగిసిపోతుంది. మీది ఏటా పిలకలు వేసే రకం. పాత వేళ్లు ముదిరి, కొత్త పిలకలు బయటి వైపుకే జరుగుతూ పోవడం వల్ల రెండు మూడేళ్లకు నడిభాగం చచ్చిపోవడం దీని స్వభావమే కాబట్టి, దుబ్బును విడదీసి నాటడమే దీనికి మందు.

చలి దేశాలలో ఈ పనిని వసంతంలో చేస్తారు గానీ, మన దగ్గర ఆ వెంటనే వచ్చే ఏప్రిల్, మే ఎండలకు కొత్తగా నాటిన పిలకలు నిలవవు. అందువల్ల వేసవి అంతా దుబ్బుకు మధ్యాహ్నపు నీడ కల్పించి, వేరు చుట్టూ ఎండుగడ్డి పరిచి కాపాడుకొని, తొలకరి వానలు పడి నేల చల్లబడ్డాక తవ్వండి. ఎండిన నడిభాగాన్ని పారవేసి, వేళ్లున్న బయటి పిలకలను మాత్రమే, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టిలో అడుగున్నర ఎడంగా నాటండి. చల్క నేలలో నీరు నిలవదు కనుక ఈ మొక్కకు అది మేలే. నల్లరేగడి అయితే ఎత్తు మడి తప్పనిసరి. పిలకలు జానెడు ఎత్తు పెరిగాక తలలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. అయితే పగటి పొద్దు తగ్గుతున్నకొద్దీ మొగ్గ కట్టే మొక్క ఇది. ఆగస్టు దాటాక తుంచితే ఆ ఏటి పూలను మీరే పోగొట్టుకున్నట్లవుతుంది.

తెల్లని పొడి బూడిద తెగులు. ఒత్తుగా పెరిగి గాలి ఆడని దుబ్బుకే ఇది ఎక్కువగా వస్తుంది. ఆ ఆకులను తుంచివేసి, లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లపూట పిచికారీ చేయండి. మండే ఎండలో చల్లితే ఆకులు మాడుతాయి. నీళ్లు ఉదయం వేళ మొక్క మొదట్లోనే పోయండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆకుల అంచులు మాడుతాయి, కాబట్టి వీలైనప్పుడల్లా పట్టి ఉంచిన వాన నీటిని వాడండి.

పూలు రంగు తేలక ఆకుపచ్చగా, వికారంగా విచ్చుకుంటే మాత్రం అది ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు మోసుకొచ్చే పసుపు తెగులు కావచ్చు. దానికి మందు లేదు. ఆ ఒక్క మొక్కను వేళ్లతో సహా పీకి కాల్చివేయండి, దాని పిలకలను ఎవరికీ ఇవ్వకండి.