మడికి నీళ్లు రాకుంటే తూము కాడికి పో

హన్మకొండ
ఆదివారం పొద్దుగాల

బిడ్డా,

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్న. మూడు రోజులసంది సైట్‌లో కొత్త వార్తలు సరిగ్గ పడ్తలేవని, వేరే సైట్ల వార్తలు తెచ్చిపెట్టే ఇంపోర్ట్ ప్లగిన్ తీసేసి ఇంకోటి పెట్టినవని, అది గూడ గట్లనే మొండికేసిందని చెప్పినవు. ఫోన్ చేద్దామనుకున్న గని, ఫోన్‌ల చెప్తే సగం విని "సరే మామా, చూస్త" అని పెట్టేస్తవు. అందుకే రాస్తున్న. చాయ పెట్టుకొని కూసొని చదువు.

మొదలు, ఇంకో ప్లగిన్ వెతుకుడు బంద్ చెయ్యి. రెండు ప్లగిన్లు ఒకే తీరుగ ఆగినయంటే తప్పు ప్లగిన్‌ది కానట్టే. ఫీడ్ అంటే అవతలి సైట్ తన కొత్త వార్తలను కంప్యూటర్ చదివేటట్టు పెట్టే ఫైల్. నీ సైట్ నడిచే వర్డ్‌ప్రెస్‌లో ఆ ఫీడ్ చదివే పని లోపల సింపుల్‌పై అనే లైబ్రరీ చేస్తది. చాలా ప్లగిన్లు దాని మీదనే నడుస్తయి. హోటల్ బోర్డు మారింది గని వంటాయన ఆయనే.

మీ తాతను యాది చేసుకో. చెరువు కింద మడి ఎండితే ఆయన ఎన్నడూ పార పట్టుకొని మడిల తవ్వలేదు. గట్టు మీద నడుచుకుంట తూము కాడికి పోయేటోడు. చెరువుల నీళ్లున్నయా, నీరటి తూము ఎత్తిండా, నడుమ కాలువకు ఎవడన్న అడ్డం కట్టిండా, ఇవన్నీ చూసినంకనే మడి కాడికొచ్చేటోడు. నువ్వు మూడు రోజులసంది మడిలనే తవ్వుతున్నవు.

నువ్వు చెప్పని సంగతి ఒకటున్నది. నువ్వు తెచ్చుకునేవి నాలుగు ఫీడ్లు గదా. నాలుగూ ఆగినయా, ఒక్కటే ఆగిందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే. నాలుగూ ఒకేసారి ఆగితే తప్పు నీ దిక్కున్నది. ఒక్కటే ఆగితే ఆ ఫీడ్ దిక్కో, నడుమ తొవ్వలనో ఉన్నది.

నాలుగూ ఆగినయనుకుందాం. పనులను టైముకు మొదలుపెట్టే వర్డ్‌ప్రెస్ క్రాన్ అనేది నిజంగ గడియారం చూసి నడిచేది కాదు. ఎవరన్న సైట్ తెరిస్తేనే అది లేస్తది. నీది పరకాల దిక్కు వార్తల చిన్న సైట్, రాత్రి పదకొండు నుంచి పొద్దుగాల ఆరు దాకా మనిషి రాడు, అప్పుడు ఇంపోర్ట్ గూడ నడవది. పైగా నువ్వు పోయిన నెల తయారైన పేజీలను దాచి చూపే క్యాష్ ప్లగిన్ పెట్టినవు. పేజీ క్యాష్ నుంచే పోతే వర్డ్‌ప్రెస్‌ను ఎవరూ లేపరు. దానికి మందు ఉన్నది: కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ లోపలి క్రాన్‌ను బంద్ చేసి, హోస్టింగ్ ప్యానెల్‌లో అసలు క్రాన్ జాబ్ పెట్టు, పావు గంటకు ఒకసారి నడిచేటట్టు. ప్లగిన్ సెట్టింగ్‌లో "ఇప్పుడే తెచ్చుకో" అనే బటన్ ఉంటది, అది నొక్కితే వార్తలు పడుతున్నయంటే రోగం క్రాన్‌దే, ఇంక వేరే ఏదీ ముట్టకు.

బటన్ నొక్కినా రాకుంటే సర్టిఫికెట్ల సంగతి చూడు, అంటే ఈ సైట్ అసలుదే అని చూపే గుర్తింపు కార్డులు. 2021 సెప్టెంబర్ 30 నాకు మంచిగ యాదికున్నది. సైట్లకు ఉత్తగనే సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లకు అండగ ఉన్న పాత రూట్ సర్టిఫికెట్ గడువు ఆ రోజు అయిపోయింది. బ్రౌజర్‌ల అన్ని సైట్లూ మంచిగనే తెరుచుకున్నయి. నేను చూసుకునే ఒక సైట్ పాత సర్వర్ మీద ఉండె, అది మాత్రం అవతలి ఫీడ్లను నమ్మనని కూసున్నది. నెట్ అడ్రస్ నుంచి ఫైల్ తెచ్చే కర్ల్ అనే పనిముట్టు ఇచ్చిన ఎర్రర్ 60 అని లాగ్‌ల సక్కగ రాసి ఉన్నది. నేను లాగ్ చూడకుంట రెండు రోజులు ప్లగిన్లు మార్చుకుంట కూసున్న. నిన్ను అనేటందుకు నాకేం హక్కు లేదనుకో. ఆ ఎర్రర్ కనిపిస్తే చాలామంది సర్టిఫికెట్ చూసుడే బంద్ చేసే సెట్టింగ్ పెడ్తరు. ఆ పని చెయ్యకు, హోస్టింగ్ వాళ్లకు చెప్పి సర్టిఫికెట్ల కట్ట కొత్తది వేయించుకో. ఎర్రర్ 28 అని వస్తే అది వేరే, అవతలి సర్వర్ టైముకు పలుకుతలేదని.

ఇగ ఒక్క ఫీడే ఆగింది అనుకుందాం. నాకైతే అదే అనిపిస్తున్నది.

ఆ ఫీడ్ అడ్రస్‌ను బ్రౌజర్‌ల తెరిచి, రైట్ క్లిక్ కొట్టి వ్యూ సోర్స్ చూడు. మామూలుగ తెరిస్తే బ్రౌజర్ దాన్ని ముస్తాబు చేసి చూపెడ్తది, అసలు ముఖం కనిపియ్యది. ఫీడ్ రాసే భాష ఎక్స్‌ఎంఎల్. ఇది ఎక్స్‌ఎంఎల్ అని చెప్పే డిక్లరేషన్ లైన్ ఉంటే, అది మొట్టమొదటి అక్షరం నుంచే ఉండాలె. దాని ముంగట ఒక్క ఖాళీ లైన్ ఉన్నా ఫీడ్ చెల్లది. అవతలోళ్లు థీమ్ ఫైల్‌ల ఏదో దిద్ది, ఆఖర్ల ఎంటర్ కొట్టి సేవ్ చేస్తే ఈ ఖాళీ లైన్ పుడ్తది. కంటికి కనపడదు, మనిషికి దోషం లెక్కనే అనిపియ్యది.

ఇంకొకటి. నీ బ్రౌజర్‌కు కనపడ్డది నీ సర్వర్‌కు గూడ కనపడ్తదని అనుకోకు. సర్వర్‌ల టెర్మినల్ తెరిచి కర్ల్‌తోటి అదే అడ్రస్ అడుగు. 200 వస్తే నీళ్లు వస్తున్నట్టు. 404 అంటే వాళ్లు అడ్రస్ మార్చిండ్రో, తీసేసిండ్రో. 403 అంటే వాళ్ల ఫైర్‌వాల్ నీ సర్వర్‌ను దొంగ అనుకున్నది. కొన్నిసార్లు 200 అనే వస్తది గని లోపల ఫీడ్ ఉండది, "మీరు మనిషేనా" అని అడిగే పేజీ ఉంటది. అప్పుడు బ్రౌజర్ వేషం కట్టి లోపలికి దూరే ఉపాయాలు నెట్ నిండ దొరుకుతయి. అవి పెట్టకు. ఆ పత్రికాయనకు ఫోన్ చేసి "అన్నా, మా సర్వర్ ఐపీ ఇది, జర రానియ్యండి" అను. పది నిమిషాల పని, మర్యాద గూడ దక్కుతది.

ఫీడ్ వస్తున్నది, 200 అంటున్నది, అయినా ఇంపోర్ట్ అయితలేదంటే అక్షరాల కాడికి రావాలె. నా లెక్కల తెలుగు ఫీడ్లను ఎక్కువ ఏడిపిచ్చేది ఇదే.

2024 ఫిబ్రవరి 22, మేడారంల సమ్మక్క తల్లి గద్దెకొచ్చే రోజు. ములుగు దిక్కు వార్తల సైట్ ఒకటి నేను చూసుకుంటుంటి. ఏడాది మొత్తం రాని జనం ఆ నాలుగు రోజులల్ల వస్తరు. సరిగ్గ మధ్యాహ్నం ఒక ఫీడ్ ఆగింది. ప్లగిన్ "ఫీడ్ ఎర్రర్" అని రెండు ముక్కలు చెప్పి ఊకున్నది. వెబ్ రూల్స్ పెట్టే డబ్ల్యూ3సీ వాళ్ల దగ్గర ఫీడ్ తప్పులు చూపే వాలిడేటర్ ఉంటది, దాంట్ల అడ్రస్ వేస్తే అది ఏడో వార్త, బస్సుల టైములున్న లైన్ చూపెట్టింది. ఆ లైన్ నాలుగుసార్లు చదివిన, అన్నీ మంచి తెలుగు అక్షరాలే. ఎడిటర్‌ల పెట్టి బాణం కీతోటి ఒక్కో అక్షరం జరుపుకుంట పోతే, "హన్మకొండ నుంచి" అన్న మాట తర్వాత బాణం రెండుసార్లు నొక్కితే గని ముంగటికి పోలేదు. అక్కడ కంటికి కనపడని అక్షరం ఒకటి కూసున్నది. దాని నంబర్ 11. డీటీపీ ఆపరేటర్ షిఫ్ట్ ఎంటర్ కొట్టి లైన్ విరగ్గొట్టిండు, దాన్ని అట్లనే కాపీ చేసి సైట్‌ల వేసిండు. నేను ఇరవై ఏండ్లు డీటీపీ షాపుల కూసున్న, ఆ షిఫ్ట్ ఎంటర్ నేను గూడ లక్షసార్లు కొట్టి ఉంట.

ఒక్క అక్షరానికి పది వార్తలు ఎందుకు ఆగినయంటవా? హెచ్‌టీఎంఎల్‌ల తప్పుంటే బ్రౌజర్ సర్దుకుపోతది. ఎక్స్‌ఎంఎల్‌కు ఆ ఓపిక లేదు, తప్పు కాడనే ఆగిపోవాలని దాని రూలే ఉన్నది. 32కు లోపు నంబర్లున్న కంట్రోల్ అక్షరాలల్ల దానికి సమ్మతమైనవి మూడే: 9, 10, 13. అంటే ట్యాబ్, రెండు రకాల లైన్ విరుపులు. మిగిలినవాటిని, ఎక్స్‌ఎంఎల్ చదివే పార్సర్‌కు ఇచ్చే ముందే తుడిచేసే నాలుగు లైన్ల కోడ్ నా దగ్గరున్నది, పంపుత.

దీని చుట్టాలు ఇంకో ఇద్దరున్నరు. ఒకటి & గుర్తు. ఏదో కిరాణం "బ్రదర్స్ & కో" అని యాడ్ ఇస్తది, వాళ్లు దాన్ని అట్లనే ఫీడ్‌ల పెడ్తరు, అయిపోయింది. రెండోది తెలుగుకే ఎక్కువ నొప్పి. అక్షరాలను బైట్లుగ రాసుకునే పద్ధతి యూటీఎఫ్-8, దాంట్ల తెలుగుల ఒక్కో కోడ్‌కు మూడు బైట్లు పడ్తయి. "వరంగల్" అంటే మనకు నాలుగక్షరాలు, కంప్యూటర్‌కు ఆరు కోడ్లు, 18 బైట్లు. ఇప్పుడు ఎవడో ఇంగ్లిష్ లెక్కన "వరంగల్ మార్కెట్" అన్న హెడ్డింగ్‌ను 20 బైట్ల కాడ కోసిండనుకో. 18 అయినయి, ఖాళీ జాగకు ఒకటి, ఇగ "మ"ల మూడోవంతు ముక్క మిగిలింది. ఆ ముక్క అక్షరమే కాదు. పార్సర్ ఇది సరైన యూటీఎఫ్-8 కాదని మొత్తం ఫీడ్‌నే వాపస్ కొడ్తది. సారాంశం ఆఖర్ల నల్ల డైమండ్‌ల ప్రశ్న గుర్తు కనిపిస్తే ఈ కోతనే అనుకో.

యూనికోడ్ కాని పాత డీటీపీ అను ఫాంట్ల మ్యాటర్ అట్లనే అతికిచ్చినోళ్లది మాత్రం ఏ ఎర్రర్ రాదు, వార్త పడ్తది, గని చదివితే పిచ్చి గీతలు. దాన్ని ఏ ఇంపోర్టర్ బాగు చెయ్యలేదు. వాళ్లే యూనికోడ్‌కు మార్చి పెట్టాలె.

వార్తలు వచ్చినయి గని సైట్ మీద కనపడ్తలేవంటే షెడ్యూల్డ్ అన్న జాగల చూడు. ఫీడ్‌ల టైము చివర +0530 అని ఉండాలె. మన గడియారం టైమే వేసి పక్కన జీఎంటీ అని రాస్తే, వర్డ్‌ప్రెస్‌కు ఆ వార్త ఇంకా అయిదున్నర గంటల తర్వాతది. పొద్దుగాల తొమ్మిదింటి ఏనుమాముల మిర్చి ధర మధ్యాహ్నం రెండున్నరకు పడ్తది, అప్పటికి రైతు సరుకు అమ్ముకొని ఇంటికి పోతడు. ఇంకో ఆలస్యం గూడ ఉన్నది. వర్డ్‌ప్రెస్ ఒకసారి తెచ్చిన ఫీడ్‌ను మామూలుగ 12 గంటలు దాచిపెట్టుకుంటది. నువ్వు అవతల బాగు చేయించి, ఇవతల మళ్లీ మళ్లీ నొక్కి, "ఇంకా రాలేదు మామా" అంటవు. ముందు ఆ క్యాష్ కొట్టెయ్యి, ధరల ఫీడ్‌కు గంటకు తగ్గించు.

ఒకే వార్త రెండుసార్లు పడుడు నీకు పోయినసారి అయ్యింది గదా. ప్రతి వార్తకు జీయూఐడీ అని ఒక గుర్తు ఉంటది, దాన్ని బట్టే పాతదా కొత్తదా అని తెలుస్తది. వాళ్లు సైట్‌ను హెచ్‌టీటీపీఎస్‌కు మార్చినప్పుడు ఆ గుర్తులు గూడ మారితే, పాతవన్నీ మళ్లీ కొత్త పెండ్లికొడుకుల లెక్క వస్తయి. హెడ్డింగ్ చూసి ఆపుదామంటవా, ఒకడు "వరంగల్‌లో" అంటడు, ఇంకొకడు "వరంగల్లో" అంటడు. మొదటిదాంట్ల కనపడని నాన్-జాయినర్ అక్షరం ఒకటి ఉన్నది. ఆ నాన్-జాయినర్ తీసేసి పోల్చమని చెప్తే రెండూ ఒకటే అయితయి.

ఎమోజీ ఉన్న వార్తలు మాత్రమే పడ్తలేవంటే డేటాబేస్ టేబుల్ పాత యూటీఎఫ్8ల ఉన్నదేమో చూడు. తెలుగుకు మూడు బైట్లు చాలు గనుక ఇన్నొద్దులు ఎవరికీ ఎరుక కాలేదు. ఎమోజీకి నాలుగు కావాలె. ఉంటే నాలుగు బైట్లు పట్టే యూటీఎఫ్8ఎంబీ4కు మార్చు, మార్చేముందు బ్యాకప్ తీసుకో.

అడగని మాట ఒకటి: మొత్తం వార్త ఎత్తుకొచ్చి పెట్టకు. హెడ్డింగ్, రెండు లైన్లు, వాళ్ల లింక్, అంతే. దానికి గూడ వాళ్లను ఒక మాట అడిగి ఉండు.

ఇప్పుడు నాకు రెండు పంపు. ఆగిన ఫీడ్ సోర్స్‌ల మొదటి ఇరవై లైన్లు, స్క్రీన్‌షాట్ కాదు, అక్షరాలే కాపీ చేసి. ఇంకా కర్ల్ ఇచ్చిన జవాబు. అవి నేను చూసేదాకా ఏ సెట్టింగ్ మార్చకు. అమ్మకు చెప్పు, చపాట మిర్చి రెండు కిలోలు తెచ్చి ఎండబెట్టిన, వచ్చే ఆదివారం ఎవరన్న వచ్చి తీస్కపొండ్రి. నువ్వొస్తే ల్యాప్‌టాప్, దాని ఛార్జర్ రెండూ తెచ్చుకో, పోయినసారి ఛార్జర్ మర్చిపోయినవు.

మీ మామ