ఆలోచనా తీరు మారితే చదువు టెన్షన్ తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. బెంగళూరు మారతహళ్ళి పీజీలో మా రూమ్మేట్‌కి మొదటి ఇంటర్నల్స్‌లో 50కి 14 వచ్చాయి. "నాకు మ్యాథ్స్ రాదురా" అంటూ రెండు రోజులు సరిగా తినలేదు. తెలివి పుట్టుకతోనే వస్తుంది, మారదు అనుకుంటే ప్రతి పరీక్షా మన మీద తీర్పే. టెన్షన్ అక్కడే మొదలు. సాధనతో పెరుగుతుందనుకుంటే అదే 14 ఏ చాప్టర్ మళ్ళీ చదవాలో చెబుతుంది. స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త కారల్ డ్వెక్ చెప్పే తేడా ఇదే. గుండె దడని కూడా అంతే, ఒళ్ళు పరీక్షకి సిద్ధమవుతోందనుకోవచ్చు. ఈ రెండూ కలిపి నేర్పే 30 నిమిషాల ఆన్‌లైన్ పాఠం విద్యార్థుల ఒత్తిడి తగ్గించిందని 2022లో 'నేచర్' పత్రికలో వచ్చింది.

ఫీజు బాకీకి మాత్రం ఇది మందు కాదు లెండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.