బీఎండబ్ల్యూలో 3, 5, 7 సిరీస్‌లే ఉండేవి కదా, మిగతా నంబర్లన్నీ ఎలా వచ్చాయి?

అసలు కథ 1950ల్లో మొదలవుతుంది. అప్పట్లో ఆ కంపెనీ కార్లలో ప్రధానంగా ఉన్నవి రెండు రకాలు: ఖరీదైన పెద్ద కార్లు, ముందు వైపు తలుపు తెరుచుకునే బుల్లి ఇసెట్టా. ఇసెట్టాలో ఉన్నది సింగిల్ సిలిండర్ మోటార్‌సైకిల్ ఇంజినే. మధ్యతరగతి కొనే కారు మాత్రం లేదు. నష్టాలు ముదిరి, 1959లో కంపెనీ మెర్సిడెస్ తయారు చేసే డైమ్లర్-బెంజ్ చేతికి పోవాల్సింది. జర్మన్ పారిశ్రామికవేత్త హెర్బర్ట్ క్వాంట్ పెట్టుబడితో గట్టెక్కింది.

ఆ ఖాళీని పూడ్చింది 1962లో అమ్మకానికొచ్చిన 1500 అనే మోడల్. నాలుగు తలుపులు, హుషారైన ఇంజిన్. నా లెక్కలో బీఎండబ్ల్యూకి అసలైన మలుపు ఇదే.

తర్వాత 1972లో 5, 1975లో 3, 1977లో 7 సిరీస్ వచ్చాయి. మొదటి అంకె కారు స్థాయి, మిగతా రెండూ ఇంజిన్ సైజు: 520 అంటే 5 సిరీస్, 2.0 లీటర్లు. చాలా చక్కని పద్ధతి. చిన్న ఇంజిన్‌తోనే ఎక్కువ శక్తినిచ్చే టర్బోలొచ్చాక ఆ లెక్క తప్పింది. ఇప్పటి 330ఐలో ఉన్నదీ 2.0 లీటర్ ఇంజినే.

6, 8 కూపేలు (రెండు తలుపుల స్పోర్టీ కార్లు) పాతవే. 1999లో ఎక్స్5 ఎస్‌యూవీ, 2004లో 1 సిరీస్ చేరాయి. 2013లో 3 సిరీస్ కూపేని విడదీసి 4 అన్నారు, 1 సిరీస్ కూపే కూడా అలాగే 2 అయింది. అంటే సరి అంకెలు ఎక్కువగా కూపేలకు. 2 సిరీస్‌లోనే ఫ్యామిలీ కారు కూడా తెచ్చి ఆ క్రమాన్నీ వాళ్లే చెడగొట్టారు.